ఆఫీసు కంప్యూటర్లలో ఏ యాప్ ఎంతసేపు వాడారో నమోదు చేస్తే సిస్టమ్ స్లో అవుతుందా?

యాప్ పేరు, సమయం వరకే నమోదు చేస్తే తేడా తెలిసేంతగా స్లో అవ్వదు. తెర మీద విండో మారిన ప్రతిసారీ ఆ కబురు విండోసే ఇస్తుంది. ట్రాకర్ (ఈ నమోదు చేసే ప్రోగ్రామ్) ఒక లైను రాసుకుంటే చాలు, అస్తమానం తొంగిచూడక్కర్లేదు. ఉదాహరణకు అకౌంటెంట్ ట్యాలీ నుంచి ఎక్సెల్‌కి మారితే '10:42, ఎక్సెల్' అని పడుతుంది. లైనుకు 100 బైట్లు వేసుకున్నా, రోజుకు 1000 మార్పులకు దాదాపు 100 కేబీ. చిన్న ఫొటో అంత. కీబోర్డు, మౌస్ చివరిగా కదిలిన సమయం కూడా విండోస్ దగ్గరే ఉంటుంది కాబట్టి టీకి లేచి వెళ్లిన సమయాన్ని తీసేయొచ్చు.

ట్రాకర్ అనగానే సిస్టమ్ నత్తనడకే అని టెన్షన్ పడతారు గానీ, అసలు బరువు మాటిమాటికీ తీసే స్క్రీన్‌షాట్లది, వీడియో రికార్డింగ్‌ది, వాటి అప్‌లోడ్‌ది. యాప్ లెక్కకు అవేవీ అక్కర్లేదు.