ఖాళీ గడి

పెరంబూర్, చెన్నై
ఆదివారం రాత్రి

చిట్టితల్లీ శ్రావణీ,

నిన్న మీ నాన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, అమ్మాయి అమెరికాలో ఎమ్మెస్‌కి అప్లై చేస్తానంటోంది" అన్నాడు. వాడి గొంతులో సంతోషం పాలెంతో భయం పాలెంతో నేను తేల్చుకునేలోపే మీ పెద్దమ్మ ఫోన్ లాక్కుని, ఉన్ని స్వెటర్లు ఏ షాపులో మంచివి దొరుకుతాయో చెప్పడం మొదలుపెట్టింది. ఇంకా పరీక్షే రాయలేదు, అప్పుడే స్వెటర్లు!

ఫోన్ నా చేతికి తిరిగొచ్చాక నేను అడిగింది ఒక్కటే. "దాని పాస్‌పోర్ట్ తీసి సర్‌నేమ్ దగ్గర ఏముందో చూడరా." వాడు బీరువా తెరిచి, చూసొచ్చి, "గివెన్ నేమ్‌లోనే శ్రావణి రమేష్ అని ఉంది. సర్‌నేమ్ ఖాళీ" అన్నాడు. ఇక నాకు నిద్రెక్కడిది? ఇదంతా ఫోన్‌లో చెబితే "సరే పెదనాన్నా" అంటావు. ఆ "సరే" సంగతి నాకు తెలుసు కనుక ఉత్తరం రాస్తున్నాను. కూర్చుని చదువు.

నీకు తెలిసినవి ముందు గబగబా చెప్పేస్తాను. ట్రాన్స్‌క్రిప్ట్‌లకి గిండీలో అన్నా యూనివర్సిటీకి ఇప్పుడే దరఖాస్తు పెట్టెయ్, అవసరం వచ్చాక పరిగెత్తకు. రికమెండేషన్ లెటర్లు సెలవులకి ముందే అడుగు, లెక్చరర్లు ఊళ్ళకి వెళ్ళిపోతే మళ్ళీ దొరకరు. ఎస్.ఓ.పి., అంటే ఈ చదువు ఎందుకు చదవాలనుకుంటున్నావో చెప్పే వ్యాసం, నువ్వే రాయి. కన్సల్టెన్సీ వాళ్ళు రాసిచ్చేవాటిలో పిల్లలందరికీ చిన్నప్పటి నుంచి కంప్యూటర్లంటే ప్రాణమే. నీకు ఆరో తరగతి దాకా కంప్యూటరంటే గేమ్సేనని మాకందరికీ తెలుసు. యూనివర్సిటీ నుంచి ఐ-20 అనే అడ్మిషన్ కాగితం వచ్చాక సెవిస్ ఫీజు, అంటే విదేశీ విద్యార్థుల రికార్డు కోసం అక్కడి ప్రభుత్వం తీసుకునేది, 350 డాలర్లు, వీసా ఫీజు వేరే. రసీదులు దాచుకో.

ఇప్పుడు అసలు విషయం. జీఆర్ఈ, టోఫెల్ పరీక్షల్లో దేనికీ ఇంకా రిజిస్టర్ చేసుకోకు. ముందు పాస్‌పోర్ట్ రీ-ఇష్యూకి పెట్టు. పరీక్ష హాల్లో నీ పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే లేకపోతే లోపలికి రానివ్వరు. ఆ స్కోర్లు యూనివర్సిటీకి వెళ్ళేది ఆ పేరుతోనే. ఐ-20, డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారం, వీసా అన్నీ పాస్‌పోర్ట్ వెనకే నడుస్తాయి. మొదటి గడి తప్పితే చివరి గడి దాకా తప్పే.

ఎందుకింత గోల చేస్తున్నానో చెప్తాను. మీ నాన్న నీకెప్పుడూ చెప్పి ఉండడు.

మన ఇంటిపేరు కుప్పా. అరవంలో కుప్పై అంటే చెత్త. ఇక్కడి బడిలో మాస్టారు హాజరు పిలిస్తే వెనక బెంచీ నుంచి "కుప్పత్తొట్టి", అంటే చెత్తకుండీ, అని వినబడేది. నేను ఇంటికొచ్చి ఏడిస్తే తాతయ్య, "కుప్పంటే చెత్త కాదురా, వరికుప్ప. మనవాళ్ళు కుప్పలు నూర్చినవాళ్ళు" అనేవాడు. అరవ పిల్లలకి వరికుప్ప సంగతి నేనెక్కడ చెప్పను? ఏడో తరగతికొచ్చేసరికి ఇంటిపేరు రాయడం మానేశాను. ఈ ఊళ్ళో అందరిలాగే తండ్రి పేరు ఇనిషియల్ పెట్టుకుని 'నరసింహారావు వి' అయిపోయాను. మార్కుల లిస్టుల్లో అదే, డిగ్రీలో అదే.

1999లో పాస్‌పోర్ట్ కోసం హ్యాడోస్ రోడ్డులో శాస్త్రి భవన్‌కి వెళ్ళాం. ఐసీఎఫ్‌లో, అదే తను పనిచేసే రైలు పెట్టెల ఫ్యాక్టరీలో, సగం పూట సెలవు పెట్టి తాతయ్య కూడా వచ్చాడు. ఫారం నింపుతుంటే సర్‌నేమ్ గడి మీద వేలు పెట్టి, "ఇక్కడ ఇంటిపేరు రాయరా" అన్నాడు. "ఇక్కడెవరూ రాయరు నాన్నా, నా ఫ్రెండ్స్ అందరూ ఖాళీగానే వదిలేశారు" అన్నాను. అది నిజమే. కానీ నేను వదిలేసింది అందుకు కాదు. ఆయన వేలు ఒక క్షణం ఆ గడి మీదే ఉండి, తర్వాత వెనక్కి వెళ్ళింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మరుసటి ఏడాది వీసా చేతికొచ్చాక చూస్తే నరసింహారావు అనేది సర్‌నేమ్‌లోకి వెళ్ళింది. మొదటి పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ అని ఉంది. 'ఫస్ట్ నేమ్ అన్‌నోన్' అని, అంటే మొదటి పేరు తెలియదని. పేరు ఒక్క గడిలోనే ఉంటే వాళ్ళు అలాగే వేస్తారు, ఇప్పటికీ అంతే. నాకు నవ్వొచ్చింది. ఫ్రెండ్స్‌కి చూపించుకుని నవ్వాను కూడా.

అక్కడికి వెళ్ళాక యూనివర్సిటీ కార్డు మీద అదే పేరు, జీతం చెక్కు మీద అదే పేరు. లైబ్రరీ బేస్‌మెంట్‌లో పుస్తకాలు సర్దే పని నాది. అక్కడి పెద్దావిడ నన్ను "ఫ్నూ" అని పిలిచేది. మంచి మనిషి. నా పుట్టినరోజుకి తనే కేక్ చేసి తెచ్చింది, దాని మీద నీలం క్రీమ్‌తో 'హ్యాపీ బర్త్‌డే ఫ్నూ'. అది నా పేరు కాదని చెప్పడానికి మొహమాటపడి ఆ కేకే తిన్నాను.

2001 మార్చిలో మీ నానమ్మకి గాల్ బ్లాడర్ ఆపరేషన్ హడావుడిగా చేయాల్సి వచ్చింది. మా అపార్ట్‌మెంట్‌లో నలుగురం ఫోన్ బిల్లు దగ్గర తగువుపడి కట్టకపోతే లైన్ పీకేశారు. తాతయ్య దగ్గరున్నది డిపార్ట్‌మెంట్ నంబర్ ఒక్కటే. పెరంబూర్ స్టేషన్ దగ్గరి ఐఎస్‌డీ బూత్‌లో రాత్రి పూట నిలబడి, మీటర్ మీద ఎర్రంకెలు పరిగెడుతుంటే, "కుప్పా నరసింహారావు, కె, యు, డబుల్ పి, ఏ" అని ఒక్కో అక్షరం చెప్పాడట. వాళ్ళు 'కె'లో వెతికి, అలాంటి స్టూడెంట్ లేడన్నారు. మర్నాడు మీ నాన్న వెళ్ళి 'రావు' అని అడిగితే 'ఆర్'లో వెతికారు. అక్కడా లేను. మూడో రోజు వాడు నా ఫ్రెండ్‌ని పట్టుకుని నా ఈమెయిల్ తెలుసుకుని, బ్రౌజింగ్ సెంటర్ నుంచి రెండు లైన్లు రాశాడు. నేను చూసి ఫోన్ చేసేసరికి ఆపరేషన్ అయిపోయింది. అమ్మ ఇడ్లీ తింటోంది.

నానమ్మకి ఏమీ కాలేదు, చక్కగా లేచి తిరిగింది, ఇప్పటికీ నన్ను తిడుతూనే ఉంది. తాతయ్య మాత్రం తిట్టలేదు. "అక్కడ నీ పేరు లేదన్నార్రా" అన్నాడు, అంతే. శాస్త్రి భవన్ సంగతి ఆయన ఎత్తుతాడేమోనని రిసీవర్ పట్టుకుని చాలాసేపు చూశాను. ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

కనుక విను. నీ సర్టిఫికెట్లన్నీ 'శ్రావణి ఆర్' అని ఉన్నాయి. పాస్‌పోర్ట్‌లో ఇనిషియల్ ఒప్పుకోరు, విడదీసి రాయాలి. గివెన్ నేమ్ శ్రావణి, సర్‌నేమ్ రమేష్. అంతే. కుప్పా కోసం పట్టుపట్టకు. ఇప్పుడు కొత్తగా ఇంటిపేరు ఎక్కిస్తే పదో తరగతి నుంచి ప్రతి కాగితానికీ సంజాయిషీ చెప్పుకోవాలి. ఈ మాట రాయడానికి నాకెలా ఉందో నువ్వు అర్థం చేసుకోగలవు. అమింజికరై పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో అపాయింట్‌మెంట్ దొరుకుతుందేమో చూడు. మళ్ళీ పోలీసు వెరిఫికేషన్ అంటే రోజులు పడతాయి, అందుకే తొందర.

ఇంకో భయం కూడా చెప్పి వదిలేస్తాను. సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు, అది చాలు. చేతికి క్యాష్ ఇస్తామని బయట ఎవడైనా పిలిస్తే, వాడు మనవాడే అయినా, మన తెలుగే మాట్లాడినా, వెళ్ళకు. చదువయ్యాక ఓపీటీ, అంటే అదే వీసా మీద నీ చదువుకి సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి, 12 నెలలు, నీ కోర్సుకి ఇంకో 24 నెలలు పొడిగింపు అడగొచ్చు. కానీ మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకి మించి ఉండకూడదు. ఆ రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నవాళ్ళని చూశాను. డబ్బు సరిపోకపోతే నన్ను అడుగు. మీ నాన్నకి చెప్పలేకపోతే ముందు నాకు చెప్పు, వాడికి నేను చెప్తాను.

వెళ్ళాక మొదటి వారంలో డిపార్ట్‌మెంట్ నంబర్, నీ స్టూడెంట్ ఐడీ, ఇద్దరు ఫ్రెండ్స్ నంబర్లు, అక్కడి రికార్డుల్లో నీ పేరు ఎలా ఉందో అక్షరం అక్షరం రాసి పంపు. ప్రింట్ తీసి మీ ఫ్రిజ్ మీదా మా ఫ్రిజ్ మీదా అంటిస్తాను. వాట్సాప్ ఉంది కదా పెదనాన్నా అంటావు. మాకూ ఆ రోజుల్లో ఫోన్ ఉంది తల్లీ.

వచ్చే ఆదివారం పాస్‌పోర్టూ పదో తరగతి మార్కుల లిస్టూ పట్టుకుని రా. పెద్దమ్మ గుత్తి వంకాయ చేస్తానంది. ఫారం నువ్వే నింపు, నేను పక్కన కూర్చుంటాను. ఆ ఒక్క గడి దగ్గర మాత్రం చూస్తాను.

మీ పెదనాన్న,
కుప్పా నరసింహారావు