పాత బాంబర్ మళ్లీ ఎగరాలంటే కొత్త ఇంజిన్లు బిగిస్తే సరిపోదా?

మీరు అడిగినవి రెండు. అమెరికాలో 'డాక్' అనే రెండో ప్రపంచయుద్ధం నాటి బీ-29 బాంబర్‌ని మళ్లీ ఎగిరించడానికి అన్నేళ్లు ఎందుకు పట్టింది, కొత్త ఇంజిన్లు బిగిస్తే సరిపోయేది కదా అన్నది ఒకటి. విశాఖ బీచ్ రోడ్డులో ఉన్న టీయూ-142 అనే నేవీ నిఘా విమానాన్ని కూడా అలా ఎగిరించొచ్చా అన్నది రెండోది.

నేను అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని విచిటాలో ఎమ్మెస్ చేసి, అక్కడే విమాన భాగాలు తయారుచేసే కంపెనీలో స్ట్రెస్ ఇంజినీరుగా, అంటే భాగాలు ఎంత బరువు తట్టుకుంటాయో లెక్కగట్టే పనిలో చేరాను. అప్పట్లో శనివారాలు డాక్ దగ్గర వాలంటీరుగా పనిచేశాను. నేను పైలట్‌ని కాదు, మెకానిక్ లైసెన్సూ లేదు. రేకు పనిలో సాయం చేయడం, పాత డ్రాయింగులు చదివిపెట్టడం, రికార్డులు రాయడం, తుడవడం, మోయడం ఇవే నా వంతు. నేను చూసినంతలో చెబుతున్నాను.

కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. డాక్ 1945 మార్చిలో విచిటా బోయింగ్ ఫ్యాక్టరీ నుంచి సైన్యానికి వెళ్లింది. యుద్ధంలో పాల్గొనలేదు. తర్వాత రాడార్లను సరిచూసే దళంలో ఉంది. ఆ దళంలోని విమానాలకు స్నోవైట్ కథలోని మరుగుజ్జుల పేర్లు పెట్టారు, ఈ పేరు అలా వచ్చిందే. 1956లో దాన్ని కాలిఫోర్నియాలో చైనా లేక్ నేవీ స్థావరానికి పంపించారు. ఎగరడానికి కాదు, ఆయుధాలు పరీక్షించేటప్పుడు గురిపెట్టి కొట్టడానికి! అదృష్టం బాగుండి పెద్దగా దెబ్బ తగలకుండా మోహావీ ఎడారిలో 42 ఏళ్లు నిలబడింది. 1987లో టోనీ మజోలీని అనే ఆయన దాన్ని వెతికి పట్టుకున్నారు. నేవీ ఊరికే ఇవ్వలేదు, బదులుగా ఒక బీ-25 బాంబర్‌ని బాగుచేసి తమ మ్యూజియానికి ఇమ్మంది. డాక్ ఎడారిలోంచి కదిలేసరికి 1998 అయింది. ఎగిరించుకుంటూ తెద్దామనుకున్నారు గానీ అది జరిగే పని కాదని తేలి, విప్పి, 2000లో ట్రెయిలర్ల మీద విచిటా తెచ్చారు. మధ్యలో ఆర్థిక మాంద్యం వచ్చింది, బోయింగ్ ఊరు వదిలి వెళ్తున్నట్టు ప్రకటించింది, పని ఆగిపోయింది. 2013లో 'డాక్స్ ఫ్రెండ్స్' అనే సంస్థ ఏర్పడ్డాకే మళ్లీ ఊపందుకుంది. 2016 జులై 17న గాల్లోకి లేచింది.

ముందు ఇంజిన్ల సంగతి తేల్చేద్దాం. బీ-29కి నాలుగు రైట్ ఆర్-3350 ఇంజిన్లు. ఒక్కోదానికి 18 సిలిండర్లు, 2,200 హార్స్‌పవర్. యుద్ధకాలంలో ఇవి వేడెక్కి అంటుకునేవి, మెగ్నీషియం భాగాలకు నిప్పు పాకితే ఆర్పడం ఎవరి తరమూ కాదు. అందుకే డాక్‌కి పాత మోడల్ పెట్టలేదు. అదే ఇంజిన్ కుటుంబంలో తర్వాత వచ్చిన రెండు రకాల భాగాలు కలిపి ప్రత్యేకంగా కట్టించారు. ఖర్చు గట్టిగానే అవుతుంది. కానీ అలాంటి ఇంజిన్లు కట్టేవాళ్లు ఇంకా ఉన్నారు, డబ్బు కడితే పనవుతుంది. నన్నడిగితే మొత్తంలో సులువైన భాగం ఇదే.

అసలు కష్టం రేకుల దగ్గర మొదలవుతుంది. అల్యూమినియం ఇనుములా ఎర్రగా తుప్పు పట్టదు. తెల్లటి పొడి వస్తుంది, కొన్నిచోట్ల లోహం పొరలు పొరలుగా ఉబ్బుతుంది. పైకి నున్నగా మెరుస్తున్న రేకు వెనక ఇలా జరుగుతూ ఉండొచ్చు. నీళ్లు నిలిచే మూలలు, ఉక్కు బోల్టు అల్యూమినియంకి ఆనే చోట్లు, పక్షుల రెట్టలు పేరుకున్న చోట్లు మొదట చూడాలి. మా జట్టులో రిటైరైన మెకానిక్ ఒకాయన ఉండేవారు. ఏ భాగం గురించి అడిగినా ముందు టార్చీ, చిన్న అద్దం చేతికిచ్చి, "వెనక చూశావా?" అనేవారు. నేను లెక్కలు వేసి ఇది బలంగానే ఉంటుందని చెప్పినా ఆయనకి అదే ప్రశ్న.

ప్రతి భాగం దగ్గరా మూడు దారులు: ఉన్నది ఉంచడం, బాగుచేయడం, కొత్తది చేయడం. అన్నీ ఉంచేస్తే ఎగరడం ప్రమాదం. అన్నీ కొత్తవి చేసేస్తే పాత చీర అంచు కత్తిరించి కొత్త బట్టకి కుట్టి ఇది అమ్మమ్మ చీరే అన్నట్టు ఉంటుంది. ఎగిరే విమానం విషయంలో బరువు మోసే భాగాల దగ్గర అనుమానం వస్తే మార్చేయాల్సిందే, అక్కడ సెంటిమెంటుకి చోటు లేదు. సీట్లు, ప్యానెళ్లు, గోడ మీద పాత రాతలు లాంటివైతే చివరిదాకా కాపాడుకోవాలి. ఈ వాదనలు మా దగ్గర గంటల తరబడి సాగేవి. వాలంటీర్లు కొట్టుకునేది రాజకీయాల మీద కాదు, బ్రాకెట్ల మీద.

రేకుల్ని కలిపి బిగించే రివెట్లు కొట్టడం ఇద్దరి పని. ఒకరు బయట రివెట్లు కొట్టే గన్ పట్టుకుంటారు, ఇంకొకరు లోపల దూరి బకింగ్ బార్ అనే ఇనుప దిమ్మె ఆనించి పట్టుకోవాలి. ఒకరికొకరు కనపడరు, ఆ చప్పుడుకి మాటా వినపడదు. ఒకసారి తడితే ఇంకొంచెం కొట్టమని, రెండుసార్లు తడితే చాలని అర్థం. కొన్ని రకాల రివెట్లను వేడిచేసి చల్లార్చాక బయట ఉంచితే వాటంతటవే గట్టిపడతాయి. అందుకని ఫ్రీజర్‌లో దాచి, తీసిన కొద్ది నిమిషాల్లో కొట్టేయాలి. ఇవన్నీ పుస్తకాల్లో ఉంటాయి. కానీ చెయ్యి తిరగాలంటే పక్కన తెలిసినవాళ్లు నిలబడి చూపించాలి.

డాక్‌కి కలిసొచ్చింది అదే. విచిటా ఫ్యాక్టరీ యుద్ధకాలంలో 1,644 బీ-29లు కట్టింది. ఆ ఊళ్లో విమానాల పనిలో జీవితం గడిపినవాళ్లు వీధికొకరు ఉంటారు. కోనీ పలాసియోస్ అనే ఆవిడ యుద్ధం రోజుల్లో ఇదే ఫ్యాక్టరీలో బీ-29ల ముక్కు భాగానికి రివెట్లు కొట్టారు. డాక్ ఊరికొచ్చాక ముసలితనంలో మళ్లీ వాలంటీరుగా చేరారు. ఇలాంటి మనుషుల్ని ఏ విరాళంతోనూ కొనలేం. డాక్ ఇంకో ఊరికి చేరి ఉంటే, అంతే డబ్బు పోసినా, ఎగిరేదని నాకు నమ్మకం లేదు.

ఇక కాగితాలు. ఏ భాగం ఎక్కడిది, ఎవరు చూశారు, ఏ డ్రాయింగు ప్రకారం చేశారు, అన్నీ రాసిపెట్టాలి. విసుగు పుట్టించే పని, నా శనివారాల్లో సగం దీనికే పోయేవి. 2016 మేలో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఎగరడానికి సర్టిఫికెట్ ఇచ్చిందంటే ఆ కాగితాల పాత్ర కూడా ఉంది.

"ఇంజిన్లు బిగిస్తే సరిపోదా" అన్నారు కదా, అచ్చం అలాగే చేసిన ఉదాహరణ ఒకటుంది. 'కీ బర్డ్' అనే బీ-29 దారితప్పి 1947 ఫిబ్రవరిలో గ్రీన్‌లాండ్ ఉత్తరాన గడ్డకట్టిన సరస్సు మీద దిగింది. సిబ్బందిని కాపాడారు, విమానం అక్కడే ఉండిపోయింది. 1994-95లో ఒక బృందం అక్కడికే వెళ్లి, ఆ చలిలో ఇంజిన్లు, ప్రొపెల్లర్లు, టైర్లు మార్చింది. ఎగరడానికి కదులుతుండగా తోకభాగంలో ఉన్న చిన్న సహాయక ఇంజిన్ దగ్గర ఇంధనం కారి నిప్పంటుకుంది. నాలుగు పెద్ద ఇంజిన్లూ తిరుగుతూనే ఉన్నాయి, విమానం మాత్రం కాలిపోయింది. వాళ్ల ధైర్యాన్ని తక్కువ చేయను. కానీ దాన్ని విప్పి ఇంటికి తెచ్చుకుని ఉంటే ఈరోజు ఒక మ్యూజియంలో ఉండేది.

అందుకే ప్రతి పాత విమానమూ ఎగరాలనే వాదన నాకు నచ్చదు. 2019లో కనెక్టికట్‌లో ఒక బీ-17 బాంబర్ కూలి ఏడుగురు పోయారు. 2022లో డాలస్ ఎయిర్‌షోలో ఇంకో బీ-17ని ఒక ఫైటర్ ఢీకొని ఆరుగురు పోయారు. దాదాపు 4 వేల బీ-29లు కడితే ఇప్పుడు ఎగిరేవి రెండే, డాక్, ఫిఫీ. మిగిలినవి మ్యూజియాల్లో ఉండటమే మంచిది. హిరోషిమా మీద బాంబు వేసిన 'ఎనోలా గే'ని స్మిత్సోనియన్ ఏళ్ల తరబడి బాగుచేసింది, అయినా ఎగిరించే ఆలోచన ఎవరికీ లేదు. ఉండకూడదు కూడా. డాక్ దగ్గరికి వచ్చే సందర్శకులు కూడా బీ-29లు బాంబులు వేసిన ఊళ్ల గురించి అడుగుతారు, అడగాలి. ఎగిరే విమానం చూసి చప్పట్లు కొట్టడంతో ఆ చరిత్ర చెరిగిపోదు.

మనవాళ్లకి ఇది చేతకాదేమో అన్న ధ్వని మీ ప్రశ్నలో కొంచెం వినిపించింది. యుద్ధం అయ్యాక బ్రిటిష్‌వాళ్లు కాన్పూరులో లిబరేటర్ బాంబర్లను మళ్లీ పనికిరాకుండా చెడగొట్టి వదిలేశారు. బెంగళూరు హెచ్‌ఏఎల్ వాళ్లు ఆ గుట్టలోంచి నలభైకి పైగా బాగుచేశారు. ఎగరగలిగేంత వరకు అక్కడే సరిచేసి, టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ వాటిని బెంగళూరుకు నడుపుకొచ్చారు. 1948 చివర్లో అవి మన వైమానిక దళంలో చేరాయి, 1968 దాకా పనిచేశాయి. ఈరోజు అరిజోనాలో పీమా మ్యూజియంలో, ఒట్టావాలో, బ్రిటన్ ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఉన్న లిబరేటర్లు ఇలా మన దగ్గర బతికి వెళ్లినవే. పాత విమానాల పిచ్చి ఉన్న అమెరికన్లకి కూడా ఈ సంగతి చెబితే ఆశ్చర్యపోతారు.

ఇప్పుడు టీయూ-142. వద్దు, కుదరదు కూడా. అది 29 ఏళ్లు నేవీలో పనిచేసి 2017లో అరక్కోణంలో రిటైరైంది. విప్పి, బీచ్ రోడ్డు మీద మళ్లీ కూర్చి, జనం లోపల తిరిగేలా మ్యూజియం చేశారు. ఒక్కో ఇంజిన్‌కి ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు ప్రొపెల్లర్లు ఉండే ఆ రష్యన్ టర్బోప్రాప్‌ల విడిభాగాలు, వాటిని సరిచూసే యంత్రాంగం లేకుండా ఎవరూ ఎగరనివ్వరు. దానికి కావాల్సింది ఎగరడం కాదు, ఉప్పుగాలి నుంచి రక్షణ. చైనా లేక్ పొడిగాలి డాక్‌ని కాపాడింది, బీచ్ రోడ్డులో అంతా దానికి తిరగేసి ఉంటుంది. తరచూ మంచినీళ్లతో కడగడం, అడుగున నీళ్లు కారే రంధ్రాలు మూసుకుపోకుండా చూడటం, పెయింట్ లేచిన చోట వెంటనే పూయడం, పిట్టలు గూళ్లు పెట్టకుండా వలలు, టైర్ల మీద బరువు పడకుండా స్టాండ్లు. ఇందులో గొప్ప టెక్నాలజీ ఏమీ లేదు, క్రమం తప్పకుండా చేసేవాళ్లు కావాలి.

మీరు విశాఖలోనే ఉంటే ఒక పని చేయొచ్చు. ఆ విమానం మీద పనిచేసి రిటైరైన నేవీ టెక్నీషియన్లు ఊళ్లో ఎవరైనా ఉన్నారేమో వాకబు చేయండి. ఫోన్‌లో రికార్డు చేస్తే చాలు. ఏ ప్యానెల్ వెనక నీళ్లు నిలిచేవి, ఏ కీలు దగ్గర పగుళ్లు వచ్చేవి అని అడగండి. గొడవలేని ప్రశ్నలివి, రహస్యాలేమీ అడగక్కర్లేదు. ఆ రికార్డింగు ఒక కాపీ మ్యూజియం వాళ్లకి ఇవ్వండి.