అర్ధరాత్రి వచ్చిన ప్లంబరు, బిల్లు లేని రూ.21,500

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో మా సొంత ఫ్లాటు ఉంది. బిల్డరు తాళాలు ఇచ్చి మూడేళ్లు దాటింది. గత నెల ఒక రాత్రి పదకొండున్నరకు స్నానాల గది గోడలో పైపు పగిలి నీళ్లు హాల్లోకి వచ్చేశాయి. మావారు ఊళ్లో లేరు. ఇంట్లో నేను, మా అత్తగారు మాత్రమే ఉన్నాం. ఇంటర్నెట్‌లో దొరికిన నంబరుకు ఫోన్ చేస్తే, వచ్చి చూసినందుకు రూ.299, రిపేరు రూ.2,500 లోపు అవుతుందని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. ఇద్దరు వచ్చి టైల్స్ పగలగొట్టాక లైను మొత్తం మార్చాలన్నారు. రాత్రి రెండింటికి పని ముగించి రూ.24,000 అడిగారు. డబ్బు ఇచ్చేదాకా కదలమని హాల్లో కూర్చున్నారు. బతిమాలితే రూ.21,500కు దిగారు. యూపీఐలో పంపాను. బిల్లు అడిగితే నోటు పుస్తకం కాగితం మీద ‘జీఎస్టీతో కలిపి’ అని మొత్తం రాసిచ్చారు. ఆరో రోజు అదే చోట మళ్లీ లీకు మొదలైంది. ఇప్పుడు వాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. కింది ఫ్లాటువారి ఫాల్స్ సీలింగ్ పాడైందని రూ.60,000 అడుగుతున్నారు. ఇది చాలదన్నట్టు మా సెప్టిక్ ట్యాంకు నిండింది. మనిషిని దింపితే రూ.4,000తో పోతుందని అసోసియేషన్ వారు వాటా అడుగుతున్నారు. నా డబ్బు తిరిగి వస్తుందా? పోలీసులకు ఫిర్యాదు చేయాలా? కింది వారికి ఇవ్వాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు చివర రాసిన మాటకే ముందు జవాబు చెబుతాను. మిగతావాటి జవాబు తర్వాత చదివినా ఫరవాలేదు, అది ఆగదు. సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపనివ్వకండి. ఆ వాటా ఇవ్వకండి. ఇవ్వనని, ఎందుకు ఇవ్వడం లేదో అసోసియేషన్ గ్రూపులో ఈ రోజే రాయండి. ట్యాంకులో పేరుకునే విషవాయువు ఒకటి రెండు శ్వాసల్లోనే మనిషిని పడగొట్టగలదు. పడినవాడిని లాగడానికి దిగిన రెండోవాడు కూడా అక్కడే పోతాడు. రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా మనిషిని దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. నేరుగా పెట్టినా, మధ్యవర్తి ద్వారా పెట్టించినా నేరమే. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, రూ.2 లక్షల వరకు జరిమానా పడవచ్చు. మురుగు పనిలో ప్రాణం పోయినవారి కుటుంబానికి రూ.30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో ఆదేశించింది. రూ.4,000కు దిగే ఆ మనిషికి ఈ సంగతులేవీ ఎవరూ చెప్పి ఉండరు. వాక్యూమ్ ట్యాంకరును పిలిపించండి. 14420కు ఫోన్ చేస్తే యంత్రంతో తీసే ఏర్పాటు గురించి చెబుతారు.

ఇక మీ డబ్బు విషయం. ‘నన్ను దోచుకున్నారు’ అన్న మీ బాధ నిజమే. కానీ ‘ఎక్కువ తీసుకున్నారు’ అన్న ఒక్క మాట మీద కేసు నిలబడదు. ప్రైవేటు ప్లంబరు కూలికి ధర కట్టే చట్టం లేదు. అర్ధరాత్రి వచ్చినందుకు పగటి కంటే ఎక్కువ అడగడం తప్పు కాదు. ముందే చెప్పి ఉంటే, పని చేయించుకోకపోయినా వచ్చి చూసినందుకు ఇవ్వాల్సింది ఇవ్వాల్సిందే. కాబట్టి ఆ రూ.299 గురించి పేచీ పెట్టకండి.

మీ బలం వాట్సాప్ మెసేజ్‌లో ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, ఇద్దరి మధ్య కుదిరిన ధరకు మించి వసూలు చేస్తే ఫిర్యాదు చేయవచ్చు. రూ.2,500 లోపు అని వాళ్లే రాశారు. గోడ తెరిచాక పని పెరిగిందని వాదిస్తారు. అది కొన్నిసార్లు నిజమే కావచ్చు. అయితే పని పెరిగిందని తెలిసిన క్షణంలో చేయి ఆపి, ఇంత అవుతుంది, చేయమంటారా అని అడగాలి. మీ విషయంలో ధర మాట పని అయిపోయాక వచ్చింది. దీనికి తోడు మరో రెండు లోపాలున్నాయి. ఆరు రోజులు కూడా నిలవని పని సేవాలోపం. సరైన బిల్లు ఇవ్వకపోవడాన్ని ఆ చట్టమే అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. ఇక ‘జీఎస్టీతో కలిపి’ అని రాసి రిజిస్ట్రేషన్ నంబరు వేయలేదంటే, వాళ్లకు రిజిస్ట్రేషనే లేకపోవచ్చు. రిజిస్ట్రేషన్ లేనివారు పన్ను పేరుతో రూపాయి కూడా వసూలు చేయకూడదు. ఆ చీటీని జాగ్రత్తగా దాచండి. చిల్లర కాగితమే అయినా, వాళ్ల చేతిరాతతో వాళ్ల మీదే సాక్ష్యం అది.

సామాను సంగతి కూడా చూడండి. ప్యాకెట్లో వచ్చే వాల్వు, కుళాయి లాంటి వాటికి ఎంఆర్‌పీ ఉంటుంది. అంతకు మించి తీసుకుంటే తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. ఖాళీ ప్యాకెట్లు ఇంట్లో ఎక్కడైనా పడి ఉన్నాయేమో వెతకండి.

మీరు రాయని విషయం ఒకటి అడుగుతాను. ఆ రాత్రి పీకేసిన పైపు ముక్క, ఎల్బో (పైపు మలుపు దగ్గర వేసే అతుకు ముక్క) ఉన్నాయా? ఉంటే కడగకండి, పారేయకండి. కవరులో పెట్టి తేదీ రాయండి. నేను లాయరును; ఒకసారి నా దగ్గరకు వచ్చిన ఒకాయన గోడ ఫోటోలు నలభై తెచ్చారు గానీ, పగిలిన ముక్కను పనిమనిషి చెత్తలో వేసేసింది. పైపు ఒత్తిడికి చీలిందా, అతుకు దగ్గర జిగురు సరిగా పట్టక ఊడిందా అన్నది ఆ ముక్కే చెప్పగలదు. ఇప్పుడు మళ్లీ కారుతున్న చోటును మరో ప్లంబరుతో తెరిపించే ముందు ఫోటోలు, వీడియో తీయండి. అతను ఏమి చూశాడో, ఏది మార్చాడో, ఎంత అయిందో సంతకంతో రాయించుకోండి. ఆ ఒక్క కాగితం లేక ఓడిన కేసులు నాకు తెలుసు.

హాల్లో కూర్చుని కదలమన్నారు కదా, అది మామూలు విషయం కాదు. పని కోసం ఇంట్లోకి వచ్చినవారు, వెళ్లమన్నా వెళ్లకుండా భయపెట్టడానికి కూర్చుంటే అది నేరపూరిత ప్రవేశం కిందికి వస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ అదే చెబుతుంది. ఆ సమయంలో 112కు ఫోన్ చేసి ఉండాల్సింది. చేయలేదని మిమ్మల్ని తప్పు పట్టను. కాళ్ల కింద నీళ్లు, పక్కన పెద్దావిడ, హాల్లో ఇద్దరు అపరిచితులు ఉంటే ఎవరికైనా డబ్బు పంపి తలుపు వేసుకోవాలనే ఉంటుంది. ఒత్తిడిలో ఉన్న మనిషి మీద పైచేయి తీసుకుని రాబట్టిన ఒప్పందాన్ని రద్దు చేయమని అడగవచ్చని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతోంది. బతిమాలి రూ.21,500కు దింపారు కాబట్టి ఆ ధరకు ‘ఒప్పుకున్నారు’ అని వాళ్లు అంటే భయపడకండి.

పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. అయితే దాని మీదే ఆశ పెట్టుకోకండి. మోసం కేసు నిలవాలంటే మొదటి నుంచీ మోసగించే ఉద్దేశం ఉందని చూపాలి. చాలా ఠాణాల్లో ఇది సివిల్ వ్యవహారమని పంపేస్తారు. అయినా ఇవ్వమంటున్నది ఇంకో కారణానికి: వాళ్లు ఎవరో, ఎక్కడుంటారో తెలియాలి. ఇలాంటి కేసులు ఎక్కువగా ఆగిపోయేది అవతలివారి చిరునామా దొరకకే. మీ యూపీఐ రసీదులో డబ్బు అందుకున్న పేరు ఉంటుంది. ఆ పేరును, మీరు ఫోన్ చేసిన నంబరును ఫిర్యాదులో రాయండి. ఆ ఇద్దరు ఏదైనా యాప్ ద్వారా వచ్చి ఉంటే పని తేలికయ్యేది. అలాంటి సంస్థల్లో ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పి, నెలలోపు పరిష్కరించాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి.

చిరునామా దొరికాక, పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అదే నోటీసును వాట్సాప్‌లో కూడా పెట్టండి. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. కొన్ని అక్కడే తేలిపోతాయి. తేలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. మీరు నివసించే చోటే కేసు వేసుకోవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. రెండేళ్ల గడువు ఉంది. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. లాయరు తప్పనిసరి కాదు. ఇంత చిన్న మొత్తానికి మీరే వేసుకోవడం మంచిదని లాయరుగానే చెబుతున్నాను.

ఎంత అడగాలి? రూ.21,500 మొత్తం తిరిగి ఇప్పించమని రాయకండి. వాళ్లు వచ్చారు, నీళ్లు ఆపారు, ఎంతో కొంత సామాను వేశారు. దానికి న్యాయమైన విలువ తీసేసి మిగిలింది అడగండి. మళ్లీ చేయించిన ఖర్చు, టైల్స్ ఖర్చు బిల్లులతో సహా చూపండి. మనోవేదనకు పరిహారం విడిగా కోరండి. లెక్క నిజాయితీగా ఉంటే కమిషన్ ముందు మీ మాటకు బరువు ఉంటుంది.

అయితే మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన మాట ‘తాళాలు ఇచ్చి మూడేళ్లు’ అన్నది. మీ ప్రాజెక్టు రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదై ఉంటే, తాళాలు ఇచ్చిన నాటి నుంచి ఐదేళ్లలోపు పనితనంలో, నాణ్యతలో, సదుపాయాల్లో బయటపడే లోపాన్ని బిల్డరే సొంత ఖర్చుతో సరిచేయాలి. రెరా చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం, మీరు తెలియజేసిన 30 రోజుల్లో ఆ పని చేయాలి. గోడలో పూడ్చిన పైపు మూడేళ్లకే పగిలిందంటే మొదట అనుమానించాల్సింది బిల్డరు పనినే. ‘మీరు ఎవరితోనో గోడ పగలగొట్టించారు, నా బాధ్యత తీరిపోయింది’ అని ఆయన తప్పకుండా అంటారు. పైపు ముక్క దాచమన్నది ఇందుకు కూడా. ఈ రోజే బిల్డరుకు ఈమెయిల్, స్పీడ్ పోస్టు పంపండి. పగిలిన తేదీ, ఆ రాత్రి ఎందుకు ఆగలేకపోయారో రాసి, వచ్చి చూడమని అడగండి. రాకపోతే రెరాకు వెళ్లండి.

ఇంకో పైపు పగిలినా ఈ తిప్పలు రాకూడదంటే ఒక పని చేసి పెట్టుకోండి. నీళ్లు ఆపడం వేరు, పైపు బాగుచేయడం వేరు. మొదటిది అత్యవసరం, రెండోది కాదు. మీ ఫ్లాటుకు నీళ్లు వచ్చే గేట్ వాల్వ్ ఎక్కడుందో వాచ్‌మన్‌ను అడిగి రేపే చూసి రండి. పైపులు దిగే షాఫ్ట్‌లోనో, డాబా మీద ట్యాంకు పక్కనో ఉంటుంది. తిప్పి చూడండి. ఏళ్ల తరబడి తిప్పకపోతే బిగుసుకుపోతుంది. ఆ రాత్రి అది మూసి ఉంటే, బకెట్లతో తెల్లవారేదాకా నెట్టుకొచ్చి, పొద్దున పదింటికి ముగ్గురిని పిలిచి ధర అడిగేవారు.

కింది ఫ్లాటువారి విషయంలో మీ రెండు లీకులను విడదీసి చూడాలి. మొదటిసారి, గోడలో కనబడని పైపు ఉన్నట్టుండి పగిలింది. అంతకు ముందు తేమ మరకలు ఉన్నాయని గానీ, ఎవరైనా హెచ్చరించారని గానీ మీరు రాయలేదు. మీ నిర్లక్ష్యం లేనప్పుడు ఆ నష్టాన్ని మీ మీద వేయడం కష్టం. రెండోసారి అలా కాదు. మళ్లీ కారుతోందని తెలిసిన రోజు నుంచి వాల్వు మూయకుండా, బాగు చేయించకుండా గడిపిన ప్రతి రోజూ మీ లెక్కలోకి వస్తుంది. ఇంకా కారుతూ ఉంటే ఈ జవాబు చదవడం ఆపి ముందు అది ఆపించండి. పగిలింది మీ ఫ్లాటు లోపలి పైపు కాకుండా అందరికీ నీళ్లు తెచ్చే ప్రధాన లైను అయితే, 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం అది ఉమ్మడి సదుపాయం. ఖర్చు అసోసియేషన్ భరించాలి.

రూ.60,000 అన్న అంకెను అలాగే ఒప్పుకోకండి, అలాగని తలుపు వేసుకోకండి. అసోసియేషన్ కార్యదర్శిని వెంట పెట్టుకుని కిందికి వెళ్లి సీలింగ్ చూడండి. ఎన్ని షీట్లు తడిశాయి, ఏ గది, పాతది ఎంత, కొత్తగా వేయించాలనుకుంటున్నది ఎంత అన్నది కాగితం మీద పెట్టండి. ఉన్నదాన్ని ఉన్నట్టు చేయించే ఖర్చే నష్టం. గది మొత్తం కొత్తగా చేయించుకోవడం నష్టపరిహారం కాదు. మీ ఇంటి రుణంతో పాటు గృహ బీమా ఉందేమో బ్యాంకును అడగండి. భారత్ గృహ రక్ష పాలసీలో నీటి పైపులు పగిలి కలిగిన నష్టానికి రక్షణ ఉంది. కింది వారికి ఆ పాలసీ ఉంటే వాళ్ల సీలింగ్‌కు వాళ్లే క్లెయిము చేసుకోవచ్చు. మీకు ఉంటే మీ ఫ్లాటు లోపల జరిగిన నష్టానికి పనికొస్తుంది.

మాట కుదరకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టించండి. దానికి ఫీజు లేదు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. న్యాయ సహాయ హెల్ప్‌లైను 15100కు ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. ఇంటి దగ్గరే తేలిపోతే మరీ మంచిది. అప్పుడు ఎంత ఇచ్చారో, ఏ లీకుకు ఇచ్చారో, ఇక ఈ విషయంలో బాకీ లేదని రాసి, ఇద్దరూ, ఇద్దరు సాక్షులూ సంతకాలు పెట్టండి. ‘ఈ చెల్లింపు బిల్డరు మీద, ప్లంబరు మీద నా హక్కులను వదులుకున్నట్టు కాదు’ అన్న వాక్యం అందులో తప్పక ఉండాలి.