చచ్చే ముందు చెట్టు విరగబూస్తుందా?

మీ పెరటి చెట్ల సందేహాలకు గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక రిటైర్డ్ బోటనీ లెక్చరర్ జవాబులు

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా పెరట్లో నడుం లోతు నీళ్లు తొమ్మిది రోజులు నిలిచాయి. బొప్పాయి, మునగ చచ్చిపోయాయి. పదిహేనేళ్ల బంగినపల్లి మామిడి ఆకులన్నీ రాల్చేసి మళ్లీ చిగిర్చింది. ఆ ఏడు పూతే లేదు. ఈ జనవరిలో మాత్రం ఆకు కనపడకుండా పూసింది. మేం సంబరపడుతుంటే పక్కింటి మామ్మగారు "చచ్చే ముందు చెట్టు ఇలాగే విరగబూస్తుందే" అన్నారు. అప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది. అన్నట్టు, బురద బాధ పడలేక కిందటేడు పెరడంతా సిమెంటు చేయించాం. చెట్టు చుట్టూ రెండడుగులు వదిలాం లెండి.

జవాబు: మీ ఉత్తరంలో అసలు సంగతి చివర్న 'అన్నట్టు' దగ్గర ఉందమ్మా. అక్కడికి వస్తాను. ముందు మామ్మగారి మాట.

ఆవిడ ఊరికే అనలేదు. కష్టంలో పడ్డ చెట్టు పూయడం నిజమే. నిమ్మతోటల వాళ్లు కావాలనే కొన్ని వారాలు నీళ్లు ఆపి, ఆకు వాడేదాకా ఉంచి, ఆ తర్వాత తడి ఇచ్చి పూత తెప్పిస్తారు. నూజివీడు వైపు మామిడి రైతులు కూడా వానలు తగ్గాక పూత కనబడేదాకా తోటకు నీళ్లు పెట్టరు. అప్పుడు తడి తగిలిందా, రెమ్మ చిగురుకు పోతుంది. నేల ఆరి, రాత్రిళ్లు చల్లబడితే పూతకు వస్తుంది. వేరు కుళ్లిన చెట్టు కూడా ఒక్కోసారి ఒళ్లంతా పూసి ఆ పైన ఎండిపోతుంది. అలాంటి చెట్టునెక్కడో మామ్మగారు చూసే ఉంటారు.

మీ చెట్టు లెక్క వేరు. మామిడి పూత ముదురు రెమ్మ కొసన వస్తుంది, ఆ రెమ్మకు నాలుగైదు నెలల వయసైనా ఉండాలి. మీది వరదకు ఆకు రాల్చి, ఏ అక్టోబరు చివర్నో చిగిర్చి ఉంటుంది. జనవరి నాటికి ఆ రెమ్మలు పసివి. పూత ఎక్కణ్నుంచి వస్తుంది? కాపు లేదు కాబట్టి 2025లో ఆకులు తయారు చేసిన పిండి పదార్థం కొమ్మల్లోనూ వేళ్లలోనూ దాచుకుంది. రెమ్మలేమో చాలావరకు ఒక ఈడువి, కలిసి ముదిరాయి. చలి తగిలింది, విరగబూసింది. ఏడు విడిచి ఏడు కాసే మామిడికి ఇది మామూలే.

తొమ్మిది రోజుల నీళ్లకు బొప్పాయి పోయి మామిడి ఎందుకు నిలిచిందో కూడా చెబుతాను, నాకిష్టమైన పాఠం. మట్టి సందుల్లో ఉండే గాలితో వేరు ఊపిరి పీలుస్తుంది. నీళ్లు నిలిస్తే ఆ సందులు నిండిపోతాయి. గాలిలోకంటే నీటిలో ఆక్సిజన్ దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా పాకుతుంది. ఊపిరాడని వేరు తనలోని చక్కెరను పులియబెట్టుకుని బతకాలని చూస్తుంది, కుండలో కల్లు పులిసినట్టే. అలా వచ్చే శక్తి మామూలుగా వచ్చేదాంట్లో పదో వంతు కూడా ఉండదు. శక్తి చాలని వేరు చుట్టూ ఉన్న నీటినే లోపలికి తీసుకోలేదు. అందుకే ఆ వారం మీ చెట్లు నీళ్లలో నిలబడి దాహంతో వాడిపోయాయి. పైగా లోపల ఎథిలీన్ పేరుకుంటుంది. అరటిగెలను పండించే వాయువే అది. ఇక్కడ ఆకుల్ని పండించి రాలుస్తుంది. బొప్పాయి రెండు మూడు రోజులకే చేతులెత్తేస్తుంది. మామిడి మాత్రం నీటి అంచు దగ్గర బెరడు మీద చిన్న చిన్న బుడిపెల్ని ఉబ్బించుకుని, వాటిలోంచి గాలి లోపలికి తీసుకుని, పులిసిన సరుకును బయటికి వదులుతుంది. ఇప్పుడు చూసినా నడుం ఎత్తున బెరడు మీద ఆ గరుకు మీ చేతికి తగలొచ్చు.

అంటే వరదను మీ మామిడి దాటేసింది. నాకు భయం సిమెంటుతోనే.

చెట్టు అన్నం తినేది మాను మొదలు దగ్గర కాదు. మొదట్లో ఉండే లావు వేళ్లు చెట్టును పట్టి నిలబెట్టడానికి. నీరూ ఎరువూ పీల్చే సన్న వేళ్లు కొమ్మల నీడ అంచు దగ్గరా దానికి అవతలా, నేలలో పైన ఉన్న రెండడుగుల్లోనే ఎక్కువ. మీరు వదిలింది చెట్టు చుట్టూ రెండడుగులు, పదిహేనేళ్ల మామిడి నీడ అంచేమో పది పన్నెండు అడుగుల అవతల. తొమ్మిది రోజుల్లో వెళ్లిపోయిన ఊపిరాడనితనాన్ని మీరు పెరట్లో శాశ్వతంగా పరిచారు. కోపగించుకోకండి, ఈ పని నేనూ చేశాను. బోటనీ పాఠం చెప్పే రోజుల్లోనే, మా అమ్మాయి పెళ్లికి పందిరి చక్కగా ఉండాలని 2012లో వాకిట్లో వేపచెట్టు మొదలు దాకా టైల్స్ వేయించాను. మూడేళ్లు ఏమీ కాలేదు. నాలుగో ఏడు ఉగాదికి పైకొమ్మలు చిగిర్చలేదు. ఎండలు ఎక్కువయ్యాయనుకుని బిందెలతో నీళ్లు పోశాం, టైల్స్ మీద! ఆ చెట్టు దాచుకున్న తిండితో మూడేళ్లు గుట్టుగా నెట్టుకొచ్చిందని తరువాత గానీ నాకు తట్టలేదు. టైల్స్ పగలగొట్టించాక సగం చెట్టు దక్కింది.

కాబట్టి ఈ వేసవి లోపల, నీడ అంచు దగ్గర చుట్టూ రెండు మూడడుగుల వెడల్పున సిమెంటు తీయించండి. అంతా తీయించగలిగితే ఇంకా మంచిది. కింద వరద ఒండ్రు గట్టిగా పట్టి ఉంటే, వేరు తెగకుండా చేతి పారతో గుల్ల చేసి, ఆకుల ఎరువు వేసి, పైన ఎండుటాకులు పరవండి. నీళ్లు అక్కడే పెట్టండి, మొదట్లో కాదు. జాలిపడి యూరియా మాత్రం వేయకండి, వేళ్లు బలహీనంగా ఉన్న చెట్టుకు అది భారం. పిందెలు గోలీకాయంత అయ్యాక గెలకు ఒకటి రెండు ఉంచి తక్కినవి తుంచేయండి. చేతులు రావు, తెలుసు. అయినా ఈ ఏడు కాపంతా లాగితే వచ్చే ఏడు చెట్టు చేతిలో ఏమీ మిగలదు. ఆవకాయకు బజార్లో కొనుక్కుందాం.

కొమ్మ బతికుందో లేదో అనుమానం వస్తే గోటితో బెరడు గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టు. మాను మొదలు దగ్గర జిగురు కారడం, ఏటేటా ఆకు చిన్నదవడం, రెమ్మలు కొసల నుంచి ఎండుతూ రావడం, ఈ మూడూ కలిసి కనిపిస్తే మామ్మగారి మాటను తలుచుకోవాలి.

ప్రశ్న: తెనాలి దగ్గర మా దొడ్లో పాతికేళ్ల కొబ్బరిచెట్టు. మధ్యలో ఒకచోట కాండం సన్నబడి, పైన మళ్లీ లావయింది. గాలివానకు అక్కడ విరుగుతుందా? ఎరువులు బాగా వేస్తే ఆ నడుం లావెక్కుతుందా?

జవాబు: లావెక్కదు. వేపకూ మామిడికీ బెరడు కింద ఒక పెరిగే పొర ఉంటుంది, ఏటా కొత్త కలప పోసి మానును లావు చేస్తుంది. కొబ్బరికి ఆ పొర లేదు. తలలో కొత్త ఆకు పుట్టే మొవ్వు దగ్గర ఎంత లావున కట్టుకుందో జీవితమంతా అంతే. మొవ్వు ఆ ఎత్తున ఉన్న రోజుల్లో చెట్టుకు కరువొచ్చింది, అది అక్కడ రాసిపెట్టుకుంది.

ఎప్పటి కరువో లెక్క కట్టొచ్చు. రాలిన ప్రతి మట్టకూ కాండం మీద ఒక మచ్చ ఉంటుంది. బాగున్న చెట్టుకు ఏడాదికి పన్నెండు మట్టల చొప్పున వస్తాయి. మీరు పంపిన ఫొటోలో నడుం నుంచి తల కింది దాకా తొంభై మచ్చలు లెక్కపెట్టాను, అంటే ఏడున్నరేళ్లు. తలలో ఇప్పుడున్న ముప్ఫై మట్టలకు మరో రెండున్నరేళ్లు. మొత్తం పదేళ్లు. 2015-16లో కృష్ణా కాలువలకు నీళ్లు చాలక డెల్టా ఇబ్బంది పడింది, మీ దొడ్లో బావి కూడా అప్పుడే అడుగంటిందేమో పెద్దవాళ్లను అడగండి. బావి ఎండలేదంటే మోటారు పాడై నెలల తరబడి పట్టించుకోలేదేమో, అదీ అడగండి.

కొబ్బరి విషయంలో ఇంకో చిక్కుంది. ఇవాళ దింపిన కాయకు మొగ్గ మూడున్నరేళ్ల కిందట మొవ్వులో పడింది. ఈ వేసవిలో నీళ్లు ఎగ్గొడితే ఆ లోటు రెండు మూడేళ్ల దాకా దింపులో కనిపిస్తుంది. అప్పుడు ఎరువు మార్చి లాభం లేదు.

ఇక విరగడం సంగతి. నడుం సన్నగా ఉన్నంత మాత్రాన విరగదు. అక్కడ తొర్ర గానీ, ఎక్కడానికి కొట్టిన మెట్లు గానీ ఉంటే భయపడాలి. కొబ్బరికి పడ్డ గంటు పూడదు. దింపు తీసేవాళ్లను మెట్లు కొట్టనివ్వకండి.

ప్రశ్న: నేను ఏడో తరగతి, గుంటూరు అరండల్‌పేట. మా వేపచెట్టుకు నా భుజం ఎత్తులో మేకు కొట్టి నా ఎత్తు గుర్తు పెట్టాను. చెట్టు పెరిగితే మేకు పైకి పోతుందా?

జవాబు: పోదు నాన్నా. చెట్టు పొడవు పెరిగేది కొమ్మల కొసల్లో, వేళ్ల కొసల్లో. మాను అక్కడే ఉండి లావవుతుంది. నువ్వు పెరుగుతావు, మేకు అక్కడే ఉంటుంది, వచ్చే ఏడు నీ భుజం దానికి పైన ఉంటుంది.

అయితే చెట్టు ఆ మేకును మింగేస్తుంది. చెట్లకు మనలా గాయం మానదు. దెబ్బతిన్న చోటును లోపల గోడ కట్టి వేరు చేసి, పై నుంచి కొత్త కలప కప్పేస్తాయి. కొన్నేళ్లకు నీ మేకు తల కూడా కనబడదు. కోత మిల్లులో అడుగు, మానులో దాక్కున్న మేకులకు ఎన్ని రంపాలు పళ్లు విరగ్గొట్టుకున్నాయో చెబుతారు. ఈసారి ఎత్తు కొలవాలంటే సుద్దముక్కతో గీసుకో.