పెడల్ గుర్తుల గురించి మేనకోడలికి

మారేడ్‌పల్లి
ఆదివారం రాత్రి

చిట్టితల్లీ,

నువ్వు పంపిన మూన్‌లైట్ సొనాటా రికార్డింగ్ మూడుసార్లు విన్నాను. వేళ్లు చక్కగా నడిచాయి, ఆ మెత్తదనమూ వచ్చింది. కానీ రెండో బార్ (తాళపు గడి) నుంచే ధ్వని అలుక్కుపోయింది. కారణం నీ మెసేజ్‌లోనే దొరికింది. "పెడల్ వదలొద్దని బీథోవెన్ రాశాడు కదత్తా, అందుకే వదల్లేదు" అన్నావు. గుర్తును అంత గౌరవించినందుకు సంతోషం. అయితే ఆయన ఎలాంటి పియానో ముందు కూర్చుని ఆ మాట రాశాడో కూడా చూడాలి. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని కాగితం మీద పెడుతున్నాను.

1801లో రాసిన ఆ మొదటి భాగం పైన ‘సెంజా సోర్దీనో’ అని ఉంటుంది. సోర్దీనో అంటే ధ్వనిని అణిచేది కాబట్టి, అది ధ్వనిని మెత్తబరిచే ఎడమ పెడల్ సంగతి అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇక్కడ ఆ మాటకు అర్థం డ్యాంపర్లు, తీగల మీద వాలి మోతను ఆపే ఫెల్ట్ ముక్కలు. అవి లేకుండా వాయించు అంటే, వాటిని తీగల మీంచి లేపే కుడి పెడల్ తొక్కి ఉంచు అని. ఆనాటి వియన్నా పియానోల్లో చాలావాటికి ఈ పని మోకాలితోనే. కీబోర్డు కింద మీట ఉండేది. తీగలు సన్నం, ఫ్రేమ్ చెక్కది, చిన్న హామర్లకు తోలు తొడుగు. మోత త్వరగా సన్నగిల్లేది. కొత్త కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) వచ్చేసరికి పాతది నీడలా మిగిలేది. ఇప్పటి పియానోలో ఇనుప ఫ్రేమ్, బాగా బిగించిన తీగలు. బేస్ (మంద్ర) నోటు మీటి వదిలిన తంబురాలా నిలబడుతుంది. ఒకే శ్రుతి అయితే హాయిగా ఉంటుంది. శ్రుతి మారాక కూడా పాత మోత పోకపోతే చెవి ఎక్కడ నిలుస్తుంది?

ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు. బీథోవెన్ దగ్గరే నేర్చుకున్న చెర్నీ 1840ల్లోనే ఈ మాట రాశాడు. ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే తన మూడో పియానో కన్సర్టో నెమ్మది భాగాన్ని 1803లో బీథోవెన్ వాయించినప్పుడు థీమ్ అంతా ఒకే పెడల్ మీద నడిపాడట. ఆ కాలపు బలహీనమైన పియానోల మీద అది చెల్లిందనీ, తన రోజుల్లో మాత్రం కార్డ్ మారినప్పుడల్లా పెడల్ మార్చుకోవాలనీ చెర్నీ చెప్పాడు. మూన్‌లైట్‌కైతే బేస్ నోటు మారిన ప్రతిసారీ మార్చమన్నాడు. బీథోవెన్ పోయిన ఇరవై ఏళ్లకే పియానోలు అంత మారిపోయాయి. మనం ఇంకెంత దూరంలో ఉన్నామో చూడు.

కాబట్టి ఇలా చెయ్యి. మొదటి బార్‌లో బేస్ సీ షార్ప్, ఒక పెడల్. రెండో బార్‌లో బీ, అక్కడ మార్చు. మూడో బార్‌లో సగం దాకా ఏ (A), తర్వాత ఎఫ్ షార్ప్, రెండు పెడల్స్. నాలుగో బార్‌లో బేస్ జీ షార్ప్ మీదే ఉన్నా పైన కార్డ్ మారుతూ ఉంటుంది. అక్కడ పూర్తిగా వదలకుండా పాదాన్ని సగం పైకి తెచ్చి మళ్లీ దించు. లావు తీగల మోత కొంత మిగులుతుంది, పైన పేరుకున్నది పోతుంది. ఈ సగం పెడల్ ఒక్కటి పట్టుబడితే సగం గుర్తులు వాటంతటవే అర్థమవుతాయి. అలాగని అద్దంలా తుడిచేయకు. ఆయన కోరింది మంచు తెర లాంటి ధ్వని, అది ఉండాలి. టెంపెస్ట్ సొనాటా మొదటి భాగంలో ఒంటి గొంతులా వచ్చే చోట ఒకే పొడవాటి పెడల్ రాశాడు. చాలామంది టీచర్లు దాన్ని తుంచేస్తారు. నేను ఉంచుతాను. అక్కడ స్వరాలు ఒకదానిలోకి ఒకటి కరగడమే సంగీతం.

ఇక అచ్చులో కనిపించే పెడ్ అనే గుర్తు, దాని తర్వాత వచ్చే నక్షత్రం లాంటి చుక్క. చిన్నప్పుడు నాకు నేర్పిన ఒకరు చుక్క ఎక్కడుంటే అక్కడే కాలు ఎత్తమనేవారు. చుక్కా, తర్వాతి పెడ్ గుర్తూ ఒకదానిమీద ఒకటి అచ్చు వెయ్యలేరు కదా, అందుకే చుక్క కాస్త ముందుకు జరుగుతుంది. నేను దాన్ని పట్టుకుని ఏళ్లపాటు ప్రతి బార్ చివర ధ్వనిని తెంపుతూ వాయించాను. మానుకోవడానికి చాలా కష్టపడాల్సి వచ్చింది. నీకు ఆ కష్టం వద్దు. పాట సాగాల్సిన చోట కొత్త కార్డ్ మీద వేళ్లు దిగే క్షణంలోనే పాదం పైకి రావాలి, అది మోగాక మళ్లీ దిగాలి. వేళ్లూ పాదమూ ఎదురెదురుగా నడవాలి. రోజూ పది నిమిషాలు రెండు కార్డ్‌లతో ఇదొక్కటే చెయ్యి. మడమ నేలకు ఆనే ఉండాలి.

ఇంకో స్వరకర్త షోపాన్ గుర్తులను మాత్రం తేలిగ్గా మార్చకు. E-ఫ్లాట్ మేజర్ నాక్టర్న్‌లో ఎడమ చెయ్యి కింద ఒక బేస్ నోటు కొట్టి పైకి ఎగిరి రెండు కార్డ్‌లు వాయిస్తుంది. ఆ బేస్‌ను పట్టుకోగలిగింది పాదమొక్కటే, గుర్తులు కూడా సరిగ్గా అదే చెబుతాయి. అవి నిజంగా షోపాన్‌వా, మధ్యలో ఎడిటర్ చేర్చినవా తెలియాలంటే స్వరకర్త రాసినదాన్నే ఉన్నదున్నట్టు అచ్చు వేసే ఉర్‌టెక్స్ట్ ప్రతి దగ్గరుండాలి. జిరాక్స్ కాపీలతో ఆ సంగతి తేలదు. ఫ్రెంచి స్వరకర్త డెబ్యుసీ అయితే పెడల్ గుర్తులు దాదాపు రాయడు. 1910 నాటి ‘మునిగిన కేథడ్రల్’ ప్రెల్యూడ్ తెరిచి చూడు. చేతులు వేరే చోటికి వెళ్లిపోయినా కింద ఒక పొడవాటి నోటు మోగుతూ ఉండాలని రాసి ఉంటే, అదే పెడల్ గుర్తు.

ఊనా కోర్దా అంటే ఎడమ పెడల్ తొక్కు, త్రే కోర్దే అంటే వదులు. నీ డిజిటల్ పియానోలో అది ధ్వని తగ్గిస్తుందంతే. గ్రాండ్ మీద కూర్చున్నప్పుడు దాని రంగు వినిపిస్తాను.

నీ మణికొండ ఫ్లాట్ సంగతి కూడా చెప్పాలి. టైల్స్ నేల, ఖాళీ గోడలు. హెడ్‌ఫోన్స్ తీసి స్పీకర్ మీద వాయిస్తే గది మోతే సగం పెడల్ పని చేస్తుంది, కాబట్టి పాదం ఇంకా తేలిగ్గా ఉండాలి. పెడల్ జారకుండా కింద రబ్బరు మ్యాట్ వెయ్యి. నీ పెడల్‌ను సగం తొక్కితే పని చేస్తుందో లేదో మాన్యువల్‌లో చూడు. కొన్ని వట్టి స్విచ్‌లు, నొక్కితే ఉంది, వదిలితే లేదు. అలాంటిదైతే వేరే పెడల్ కొనుక్కో, నా మాట విను, ఆ ఖర్చు వృథా కాదు. ఇంట్లో వట్టికాళ్లతో వాయిస్తావు, పరీక్షకు బూట్లతో వెళ్తావు. ఆఖరి నెలంతా ఆ బూట్లు వేసుకునే సాధన చెయ్యి.

ఈ వారం మొదటి ఐదు బార్లు చాలు. ముందు అసలు పెడల్ లేకుండా వాయించు, తర్వాత నేను చెప్పినట్టు మార్చుతూ వాయించి రెండూ పంపు. రికార్డ్ చేసేటప్పుడు ఫ్యాన్ ఆపు తల్లీ, మోత ఎక్కడ ఆరిపోతోందో నాకు వినపడాలి.

ప్రేమతో,
అత్త