ముందు కాలేయం గురించి రాయి

తమ్ముడూ,

కాలేయ క్యాన్సర్ కణాలు శక్తిని ఎలా వాడుకుంటాయో రాసిన నీ వ్యాసంలో మూడో పేజీ దగ్గర ఆగిపోయాను. "చక్కెర మానేస్తే క్యాన్సర్ కణం ఆకలితో చచ్చిపోతుంది" అని రాశావు. ముందు ఆ వాక్యం కొట్టెయ్, మిగతాది తర్వాత మాట్లాడదాం.

పదిహేనేళ్ల కిందట నేనూ ఇదే విషయం రాశాను. 1920ల్లో బెర్లిన్‌లో ఆటో వార్‌బుర్గ్ అనే శాస్త్రవేత్త గమనించింది చిన్న సంగతేం కాదు: ఆక్సిజన్ అందుతున్నా కణితి కణాలు గ్లూకోజును పూర్తిగా కాల్చకుండా లాక్టిక్ ఆమ్లంగా మార్చి వదిలేస్తున్నాయి. పూర్తిగా కాలిస్తే ఒక గ్లూకోజు నుంచి ముప్పై దాకా ఏటీపీలు, అంటే కణం ఖర్చుపెట్టుకునే శక్తి అణువులు, వస్తాయి, ఈ దారిలో రెండే. ఆ వ్యాసంలో సగం మామూలు కాలేయం గురించి రాస్తే సంపాదకుడు ఆ సగం తీసేసి "క్యాన్సర్‌కు చక్కెరే తిండి" అని శీర్షిక పెట్టాడు. వారం తిరక్కుండా ఒకావిడ ఫోన్ చేసింది. భర్తకు లివర్ సిరోసిస్, అంటే కాలేయం మచ్చలు కట్టి గట్టిపడింది, అందులోనే క్యాన్సర్ గడ్డ. మీరు రాసింది చదివి ఆయనకి రాత్రి అన్నం మాన్పించేశానండీ అంది. సిరోసిస్ వచ్చిన కాలేయం గ్లైకోజన్‌ని, అంటే చక్కెర నిల్వని, సరిగా దాచుకోలేదు, రాత్రంతా ఖాళీ కడుపుతో పడుకుంటే ఒంట్లో కండ కరుగుతుంది, అందుకే అలాంటివాళ్లని పడుకోబోయే ముందు ఏదైనా తినమంటారు. రేపే మీ డాక్టర్ని అడగండమ్మా అని ఆవిణ్ణి బతిమాలాను. శీర్షిక నాది కాదు, కానీ కింద ఉన్న పేరు నాదే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను. జబ్బు గురించి రాసేముందు ఆ అవయవం బాగున్నప్పుడు ఏం చేస్తుందో రాయాలి. నీ వ్యాసంలో ఆరు జన్యువులున్నాయి, కాలేయం మాత్రం లేదు. ఆ పేజీలు తీసుకెళ్లి ఊపిరితిత్తుల మీద వ్యాసంలో పెట్టినా అతికిపోతాయి.

మనం నిద్రపోతున్నప్పుడు మెదడుకి చక్కెర పంపేది కాలేయమే. దాచిన గ్లైకోజన్‌ని కరిగిస్తుంది, లాక్టిక్ ఆమ్లం నుంచీ అమైనో ఆమ్లాల నుంచీ కొత్త గ్లూకోజు చేస్తుంది. అది పెట్టే చెయ్యి. క్యాన్సర్ వచ్చాక ఆ చెయ్యే లాక్కోవడం మొదలుపెడుతుంది. మామూలు కాలేయ కణంలో గ్లూకోజును పట్టుకునే గ్లూకోకైనేజ్ అనే ఎంజైమ్ రక్తంలో చక్కెర పెరిగినప్పుడే గట్టిగా పనిచేస్తుంది. క్యాన్సర్ కణంలో దాని చోటికి హెక్సోకైనేజ్ 2 అనే ఇంకో ఎంజైమ్ వస్తుంది, దానికి కొంచెం చక్కెర కనిపించినా చాలు. కొత్త చక్కెర తయారుచేసే ఎఫ్‌బీపీ1 ఎంజైమ్ తగ్గిపోతుంది. కాలేయం పోలికలు ఇంకా పోని గడ్డలు చాలాసార్లు పెట్ స్కాన్‌లో, అంటే గుర్తు పెట్టిన చక్కెర ఎక్కించి అది ఎక్కడ చేరుతుందో చూసే పరీక్షలో, సరిగా కనిపించవు, ఎందుకో తెలుసా? వాటిలో పట్టుకున్న చక్కెరను విడిపించే గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ ఎంజైమ్ ఇంకా మిగిలుంటుంది, లోపలికొచ్చిన స్కాన్ చక్కెరను కాలేయం అలవాటు ప్రకారం మళ్లీ బయటికి వదిలేస్తుంది. ఇలాంటి సంగతి చేతిలో ఉంచుకుని యుద్ధం, శత్రువు, దుష్టకణం అని రాస్తారా ఎవరైనా? ఈ యుద్ధాల ఫ్యాషన్ ఆరోగ్య పేజీలన్నిటినీ పాడుచేసింది.

ఇప్పుడు కణితులు పెరక్కుండా ఆపే పి53 జన్యువుని తీసుకురా. దాన్ని బ్రేకు అన్నావు, అందరూ అంటారు. కణ విభజన గురించైతే సరే, నీ విషయం శక్తి కదా. కణంలోకి చక్కెర తెచ్చే వాహకాలను తగ్గిస్తుంది, టైగార్ అనే ప్రోటీన్ ద్వారా గ్లైకోలిసిస్‌ను, అంటే గ్లూకోజును విరగ్గొట్టే మొదటి దశను, నెమ్మదింపజేస్తుంది, ఎస్‌సీఓ2 అనే ఇంకో ప్రోటీన్ ద్వారా కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో ఆక్సిజన్ వాడకాన్ని నిలబెడుతుంది. అలాగని "ఎప్పుడూ" అనకు. కొన్ని కాలేయ క్యాన్సర్లలో చెడిపోని పి53 కూడా ప్యూమా అనే ప్రోటీన్‌ని పెంచి మైటోకాండ్రియాకి గ్లూకోజు విరిగితే వచ్చే పైరువేట్ అందకుండా చేస్తుందని 2019లో తేలింది. కణితుల్ని ఆపే ఇంకో జన్యువు పీటెన్‌ని ఒక్క లైన్లో దాటేశావు, నాకు బాధేసింది. ఎలుకల కాలేయంలో మాత్రమే ఆ జన్యువుని తీసేస్తే ఇన్సులిన్ సంకేతానికి అదుపు తప్పి ముందు కొవ్వు పేరుకుంటుంది, తర్వాత క్యాన్సర్ వస్తుంది. నువ్వు చెప్పాలనుకున్నదంతా ఆ ఒక్క ప్రయోగంలోనే ఉంది.

ఇక చివరి పేజీలో అనంతపురంలో మీ అవ్వ చేటలో చెనక్కాయలు పోసుకుని బూజు పట్టినవి ఏరి పారేయడం. అక్కడ నా కళ్లు తడిశాయి. ఆ బూజులో ఉండే అఫ్లాటాక్సిన్ అనే విషం పి53 జన్యువులో 249వ కోడాన్, అంటే మూడక్షరాల మాట, దగ్గర ఒక్క అక్షరాన్ని, జి తీసేసి టి పెట్టి, మార్చేస్తుందని 1991లో చైనాలోని చీడాంగ్ రోగుల్లోనూ దక్షిణాఫ్రికా ప్రాంతపు రోగుల్లోనూ చూశారు. హెపటైటిస్ బి కూడా తోడైతే ప్రమాదం ఎన్నో రెట్లవుతుంది. నువ్వు ఇదేం రాయలేదు, అవ్వ గురించి ఊరికే గుర్తొచ్చి రాసినట్టున్నావు.

ఆమెను మొదటి పేజీలోకి తీసుకురా. ఆ తర్వాత రాత్రి రెండు గంటలప్పుడు మేలుకుని పనిచేస్తున్న కాలేయం, పి53 ఆ తర్వాతే. అంతవరకు రాసి పంపు. నెలాఖరు దాకా నేను ఊళ్లోనే ఉంటాను.