మూడో బిడ్డ ఎక్కడ?

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. అమెరికాలో, నెబ్రాస్కా రాష్ట్రంలో మీ పక్కింటి పెద్దాయన వాళ్ళ ముత్తవ్వ కథ రాయాలని నీకు అనిపించడమే నాకు ఎంతో సంతోషం. మనవాళ్ళం అక్కడ ఇళ్ళు కొనుక్కుంటాం, పిల్లల్ని పెంచుకుంటాం. ఆ మట్టి మీద మనకంటే ముందు ఎవరు బతికారో అడిగేవాళ్ళు తక్కువ. నువ్వు అడిగావు. అందుకే కాస్త గట్టిగా మాట్లాడతాను.

ముందు ఆ చలికాలం సంగతి. 1900 సెన్సస్‌లో ఆవిడ పేరు పక్కన కన్న బిడ్డలు 8, బతికున్నవాళ్ళు 5 అని ఉంది. మిగతా ముగ్గురూ ఒకే చలికాలంలో డిఫ్తీరియాతో పోయినట్టు నువ్వు పేజీన్నర రాశావు. చదువుతుంటే నా కళ్ళు చెమర్చాయి. కానీ అమ్మా, ఆ చలికాలం ఏ కాగితంలో ఉంది?

నువ్వు పంపిన కాగితాలే మళ్ళీ తిరగేశాను. 1880 సెన్సస్‌తోపాటు అంతకుముందు ఏడాదిలో పోయినవాళ్ళ జాబితా ఒకటి విడిగా రాశారు. అందులో పేరు, వయసు, చనిపోయిన నెల, జబ్బు ఉంటాయి. ఈ ఇంటి పసివాడు అందులో ఉన్నాడు. పది నెలలవాడు, 1879 ఆగస్టులో, విరేచనాలతో పోయాడు. అక్కడ ఆగస్టంటే వేసవి. అంటే మొదటి బిడ్డ పోయింది మండుటెండల్లో.

తర్వాత 1890 సెన్సస్ ఉండాలి. 1921 జనవరిలో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో అది చాలామటుకు పాడైపోయింది, మిగిలిందాన్నీ తర్వాత దాదాపు పూర్తిగా నాశనం చేశారు. వంశవృక్షాలు రాసేవాళ్ళందరికీ అక్కడో ఇరవయ్యేళ్ళ గొయ్యి. నువ్వు 1880 నుంచి 1900కి ఒక్క గెంతు గెంతావు. అయితే నెబ్రాస్కాలో 1885లో కూడా జనాభా లెక్కలు తీశారు, చాలా రాష్ట్రాలకి ఈ అదృష్టం లేదు. అందులో చూడు, రెండేళ్ళ పాప ఉంది. చర్చి శ్మశానంలో 1888 అని చెక్కిన చిన్న రాయి ఫొటో నువ్వే పంపావు. ఆ పేరూ ఈ పేరూ ఒకటే. మొదటి బిడ్డకీ ఈ పాపకీ మధ్య తొమ్మిదేళ్ళు. ఆ తల్లి దుఃఖం ఒక్క చలికాలంలో వచ్చి పోలేదు.

మరి మూడో బిడ్డ? పసిబిడ్డే అయ్యుండాలని ఎక్కడా లేదు. 1880లో పదహారేళ్ళ పెద్దమ్మాయి ఉంది, 1885కల్లా ఇంట్లో లేదు. పెళ్ళయి వెళ్ళి కాన్పులో పోయిందేమో. ఊరికే ఇంకో ఊరు వెళ్ళిందేమో. పెళ్ళితో ఇంటిపేరు మారుతుంది కాబట్టి పుట్టింటి పేరుతో ఎంత వెతికినా దొరకదు. కౌంటీ (మన జిల్లా లాంటిది) పెళ్ళిళ్ళ రిజిస్టరులో పెళ్ళికూతుళ్ళ పేర్ల వరసన వెతుకు. దొరక్కపోతే దొరకలేదనే రాయి.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, నీ వయసులో నేనూ ఒక కుటుంబం గురించి రాస్తూ, ఓ తండ్రి మంచుతుఫానులో దారితప్పి చనిపోయాడని అల్లేశాను. ఆ ఇంటివాళ్ళు దాన్ని తమ వంశవృక్షంలో రాసుకున్నారు. అక్కడినుంచి దూరపు బంధువులు తీసుకున్నారు. అతను ఆస్పత్రిలో పోయినట్టు కాగితం దొరికేసరికి పదేళ్ళు గడిచాయి. అతని మనవరాలు నన్నేమీ అనలేదు. "అయితే ఆ మంచు లేదన్నమాట" అని మాత్రం అడిగింది. ఆ గొంతు ఇప్పటికీ వినిపిస్తుంది.

కల్పన లేకపోతే మనిషి ఎక్కడ కనిపిస్తుందని నువ్వడుగుతావు. 1880 వ్యవసాయ లెక్కల కాగితం తియ్యి. రైతు పేరు గడిలో భర్త పేరే ఉంది. కుడివైపు జరుగుతూ పో. దున్నిన ఎకరాలు, పాడి ఆవులు నాలుగు, ఆ తర్వాత 1879లో ఇంట్లో తీసిన వెన్న 350 పౌండ్లు. రోజుకి దాదాపు ఒక పౌండు. ఆ ఇళ్ళల్లో వెన్న పని ఎక్కువగా ఆడవాళ్ళదే. పాలు పితికి, మీగడ తేలేదాకా చల్లగా ఉంచి, చిలికి, చన్నీళ్ళతో కడిగి, ఉప్పు కలిపి, దాన్ని కొట్లో ఇచ్చి కాఫీగింజలు గానీ బట్ట గానీ తెచ్చుకునేవాళ్ళు. అది పసివాడు పోయిన ఏడాది లెక్క. ఇంతకంటే దగ్గరగా ఆవిణ్ణి నువ్వూ నేనూ చూడలేం. నువ్వు ఆ గడి వదిలేశావు.

భూమి విషయంలో పట్టా కాపీతో ఆగిపోవద్దు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాల ప్రభుత్వ భూమి తీసుకున్నవాళ్ళు ఐదేళ్ళు అక్కడే ఉండి సాగు చేశామని నిరూపించుకోవాల్సి వచ్చేది. ఇద్దరు పొరుగువాళ్ళు సాక్ష్యం చెప్పాల్సి ఉండేది. ఆ ఫైలు వాషింగ్టన్‌లో నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటుంది, పట్టా మీది వివరాలతో తెప్పించుకోవచ్చు. ఇల్లు ఎన్ని అడుగులు, తలుపులెన్ని, బావి ఉందా, ఇలాంటివి అందులో దొరుకుతాయి. ఆ రోజుల్లో అచ్చేసిన కౌంటీ చరిత్రల్ని మాత్రం జాగ్రత్తగా చదువు. చందా కట్టినవాళ్ళ జీవితాలే వాటిలో ఎక్కువ, పొగడ్త సహజం.

ఇంకొక్క మాట. "ఖాళీ భూమి" అని రాశావు. అది కొట్టెయ్యి. ఈ కుటుంబం ఉన్న గేజ్ కౌంటీ దక్షిణాన బిగ్ బ్లూ నది దగ్గర ఓటో, మిస్సూరియా అనే ఆదివాసీ తెగల జనం ఉండేవాళ్ళు. 1854 ఒప్పందంతో చాలా భూమి పోయింది, మిగిలిన కాస్త రిజర్వేషన్నీ వదిలి 1881లో ఇప్పటి ఓక్లహోమాకి వెళ్ళాల్సి వచ్చింది. ఆ ముత్తవ్వ వెన్న చిలుకుతున్న రోజుల్లో వాళ్ళింకా అదే కౌంటీలో ఉన్నారు.

రిజిస్టరు చూశాక ఉత్తరం రాయి. పెద్దమ్మాయి కనిపించినా, కనిపించకపోయినా.

ఆశీస్సులతో,
మాస్టారు